దుప్పట్ల గది

కాజాలక్క అసలు పేరు ఆమె పనిచేసిన టైలరు దుకాణంలో కూడా ఎవరికీ గుర్తులేదు. చొక్కా గుండీలు దూరే కన్నాలను కాజాలంటారు. వాటి అంచులను చేత్తో కుట్టడం ఆమె పని. ముప్పై నాలుగేళ్లు అదొక్కటే పని. మిషను మీద కుట్టిన కాజా నాలుగు ఉతుకులకే పోగులు వదులుతుందనీ, అక్క చేతి కాజా చొక్కా చిరిగినా చెక్కుచెదరదనీ టైలరు వచ్చినవాళ్లందరి ముందూ గొప్పలు పోయేవాడు. అక్క మాత్రం దుకాణం వెనక కిటికీ దగ్గర పీట మీద కూర్చుని తల ఎత్తేది కాదు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవారు. నిజానికి నోట్లో ఎప్పుడూ దారం ఉండేది.

యాభై ఆరో ఏట ఆమెకు సూది కన్నం రెండుగా కనిపించడం మొదలైంది. తర్వాత చూపు నడిమధ్యన ఒక మసక మరక పడింది. మనిషి ఎదురుగా నిలబడితే జుట్టు కనిపించేది, చెవులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు. డాక్టరు కళ్లలో చుక్కలు వేసి, లైటు పెట్టి చూసి, "ఇది తగ్గేది కాదమ్మా. ఉన్న చూపు ఎన్నాళ్లుంటే అన్నాళ్లే" అన్నాడు. టైలరు మూడు నెలలు ఓపిక పట్టాడు. వంకర పోయిన కాజాలు విప్పి తనే మళ్లీ కుట్టుకున్నాడు. నాలుగో నెలలో మిషను తెచ్చాడు.

ఆమెకు పెళ్లి కాలేదు. అన్న ఇంట్లోనే ఉండిపోయింది. అన్న పోయి పదకొండేళ్లయింది. మిగిలింది వదిన. వదిన ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, చేయి పెద్దది. రోగి మంచం మీద ఉండగానే అతన్ని అటు దొర్లించి ఇటు దొర్లించి దుప్పటి మార్చేయగలదు. ఆమెకూ కాజాలక్కకూ ఒక్క పూట పడేది కాదు. ఒకరికి కిటికీ తెరవాలి, ఇంకొకరికి మూయాలి. కానీ పోట్లాడుకోవడానికి ఇంకెవరూ లేకపోవడంతో ఇద్దరూ ఆ ఒంటిగది అద్దె ఇంట్లో కలిసే ఉండిపోయారు.

అలాంటిది ఒకరోజు కాజాలక్క పీటేసుకుని కూర్చుని, "వదినా, నేను కొండ యాత్రకి వెళ్తాను. నడిచి" అంది.

వదిన చెంచా కింద పెట్టేసింది. "తొమ్మిది రోజుల నడక. గుమ్మం దాటడానికే తడుముకునేదానివి, కొండెక్కి ఏం చూస్తావే?"

"చూడ్డానికి కాదు. మొక్కు."

"ఎప్పటి మొక్కు? నాకు తెలియని మొక్కు నీకెక్కడిది?"

"ఉందిలే."

వదిన వారం రోజులు తిట్టింది. ఎనిమిదో రోజున తనూ ఒక సంచి సర్దుకుంది. దేవుడి మీద ఆమెకు పెద్దగా నమ్మకం లేదు. ఆసుపత్రిలో అన్నేళ్లు పనిచేశాక ఆ లెక్క సరిపోలేదని అనేది. "నువ్వు ఏ గోతిలోనో పడితే చెడ్డపేరు నాకొస్తుంది. పద" అంది.

యాత్ర నగరం నుంచి శుక్రవారం పొద్దున బయలుదేరుతుంది. పేర్లు రాయించుకోవడానికి గురువారం ఆఖరు. వాళ్లు బుధవారం పొద్దున్నే బస్సు దిగారు. రెండు రోజులు తలదాచుకోవడానికి చవకలో ఒక గది కావాలి, అంతే. బస్టాండు వెనకే యాత్రికుల వసతి గృహం ఉందనీ, తోచినంత ఇస్తే చాలనీ ఇంటి పక్కావిడ చెప్పి పంపింది. వెళ్లి చూస్తే అక్కడ నాలుగంతస్తుల కార్ల పార్కింగు ఉంది.

"అది కూలగొట్టి ఐదేళ్లయిందమ్మా. ఇప్పుడు కార్లు మాత్రమే" అన్నాడు వాచ్‌మన్.

"కారే ఉంటే అందులోనే పడుకునేవాళ్లం కదయ్యా" అంది వదిన.

అక్కణ్ణుంచి మొదలైంది తిరుగుడు. మొదటి లాడ్జిలో అద్దాల తలుపు తెరవకముందే లోపలి మనిషి చెయ్యి అడ్డంగా ఊపాడు. రెండో దాంట్లో గోడ మీద రేట్ల బోర్డు చదివి వదిన వెనక్కి తిరిగింది. మూడో దాంట్లో మేనేజరు కళ్లద్దాల మీదుగా చూసి, "మగవాళ్లెవరూ లేరా?" అనడిగాడు.

"ఉన్నారు ఒకాయన. పోయి పదకొండేళ్లయింది. కబురు పెట్టమంటారా?"

"అది కాదమ్మా. ఒంటరి ఆడవాళ్లకి ఇవ్వం. రూలు."

"ఇద్దరం ఉన్నాం కదా. ఒంటరి ఎలా అవుతాం?"

మేనేజరు రిజిస్టరు మూసేశాడు.

నాలుగో చోట గది ఉందన్నారు. చీకటి మెట్లు మూడంతస్తులు ఎక్కారు. కాజాలక్క గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ ఎక్కింది. పైన గదికి కిటికీ లేదు, పరుపు ఒక మూల తడిగా ఉంది, తలుపుకు గడియ ఊడిపోయింది. "పర్లేదు వదినా, రెండు రోజులేగా" అంది కాజాలక్క. సరేనని కిందికి దిగేసరికి ఇద్దరు మగవాళ్లు దాని తాళంచెవి పుచ్చుకుని పైకొస్తున్నారు.

మధ్యాహ్నానికి యాత్రవాళ్ల డార్మిటరీ దొరికింది. పొడుగాటి హాలు, రెండంతస్తుల ఇనప మంచాలు, తెల్లటి దుప్పట్లు. వదిన ఒక దుప్పటి అంచు పట్టుకుని చూసి, బాగా ఉతికారని మెచ్చుకుంది. గుమ్మంలో కూర్చున్నావిడ యాత్ర కార్డు చూపించమంది. కార్డు లేదు. కార్డుంటేనే మంచం. సరే, కార్డు కోసం రెండు వీధుల అవతల ఆఫీసుకు వెళ్లారు. అక్కడి గుమాస్తా కాగితం ముందుకు తోసి, "నగరంలో ఎక్కడ దిగారో ఆ అడ్రసు రాయండి" అన్నాడు.

"ఇంకా ఎక్కడా దిగలేదు. కార్డిస్తే డార్మిటరీలో దిగుతాం."

"అడ్రసు లేకుండా కార్డు రాదమ్మా."

"కార్డు లేకుండా అడ్రసు రాదు నాయనా."

గుమాస్తా మంచివాడే. ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు. కార్డు మాత్రం ఇవ్వలేదు.

తల ప్రాణం తోకకొచ్చింది ఇద్దరికీ. ఒక పాత లాడ్జి పక్క సందులో, నీళ్ల కుళాయి దగ్గర మెట్టు మీద కూలబడి రొట్టె తిన్నారు. పైన గదులు ఊడ్చే మనిషి ఒకావిడ దుప్పట్ల మూట ఎత్తుకోలేక, ఈడ్చుకుంటూ అటుగా వచ్చింది. నడుం పట్టేసినట్టుంది. వదిన చూస్తూ ఊరుకోలేకపోయింది. మూట రెండో కొస పట్టుకుంది. మూటతోపాటు పైకి వెళ్లింది. పావుగంట గడిచాక కూడా దిగిరాకపోతే కాజాలక్కకు కంగారు పుట్టింది.

వదిన పైన నాలుగు పడకలు మార్చేసింది. మూలలు ఆసుపత్రి పద్ధతిలో మడిచి, పరుపు కింద బిగించి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసింది. గదులావిడ నోరెళ్లబెట్టింది. సంగతంతా విని, "గదులు లేవు కానీ దుప్పట్ల గది ఉంది. ఇద్దరు పడుకోవచ్చు. మేనేజరుకి నేను చెబుతా. ఈ రెండు రోజులూ నాతో పక్కలు మార్చండి, చాలు" అంది.

అలా దొరికింది చోటు. రెండో అంతస్తు చివర, మూడు గోడల నిండా చెక్క అరలు, అరల నిండా దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు. మధ్యలో మనిషి కాళ్లు చాపుకునేంత నేల. చిరిగిన దుప్పట్లు నాలుగు పరిస్తే పరుపైంది. సబ్బు వాసన, తడి వాసన. కాజాలక్క అరల మీద వేళ్లు ఆడించి, "ఇది నూలు, ఇది కల్తీ, ఇది బాగా పాతది" అని చెప్పుకుంటూ పోయింది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే.

గురువారం ఆ లాడ్జి అడ్రసు రాసి ఆఫీసు గట్టెక్కారు. తర్వాత వైద్య పరీక్ష. అది ఉంటుందని ఎవరూ చెప్పలేదు. గది ముందు బారుగా జనం. లోపల బీపీ చూస్తారు, గుండె వింటారు, గోడ మీది అక్షరాలు చదివిస్తారు. ఆ ఆఖరి మాట విని కాజాలక్క చల్లబడిపోయింది. వదిన మాత్రం చేతులెత్తేసే రకం కాదు. తను ముందు వెళ్లింది. గుండె బాగుంది, బీపీ బాగుంది, ఇరవై ఏళ్ల పిల్లకి ఉండాల్సినట్టు ఉందని డాక్టరమ్మ పొగిడింది. వదిన ఆ పొగడ్త చెవిన వేసుకోలేదు. అక్షరాల బోర్డును కళ్లతో మింగేస్తోంది. బయటికొచ్చి, ఆడపడుచును ఒక మూలకు లాక్కెళ్లి, పై వరస నుంచి కింది వరస దాకా పాఠంలా అప్పజెప్పింది. ముప్పై నాలుగేళ్లు కాజాల కొలతలు తలలో పెట్టుకున్న మనిషికి అదేం పెద్ద పని కాదు. కాజాలక్క రెండుసార్లకే పొల్లుపోకుండా పట్టేసింది.

ఆమె లోపలికెళ్లి కుర్చీలో కూర్చుంది. వదిన తోడని చెప్పి గుమ్మం దగ్గర నిలబడింది. డాక్టరమ్మ "చదవండమ్మా" అనగానే కాజాలక్క వీపు నిటారుగా పెట్టి, గోడ వైపు తలెత్తి, అయిదు వరసలూ గడగడా చదివేసింది. ఒక్క తప్పు లేదు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"అమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా, "ఈ కాగితం చదవమన్నాను. బోర్డు ఇందాకే మేకు ఊడి కింద పడింది. గోడ మీద ఏమీ లేదు."

ఆమె చేతిలో ఒక చిన్న కాగితం ఉంది. కాజాలక్కకు ఆ చెయ్యీ కనిపించలేదు, ఖాళీ గోడా కనిపించలేదు. వదినకు అన్నీ కనిపించాయి. నోరు తెరిచే లోపే అంతా అయిపోయింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే వదినకు ఎదురు తిరగడానికి వీలుండేది. మూడో రోజూ నాలుగో రోజూ దారి కొండ అంచు వెంట ఉంటుందనీ, మనిషి వెనక మనిషి మాత్రమే నడవగలరనీ, కిందటేడు చూపు బాగున్నవాళ్లే ఒకరు జారిపోయారనీ చెప్పింది.

"నేను చెయ్యి పట్టుకుంటాను" అంది వదిన.

"పట్టుకుంటే ఇద్దరూ పడతారమ్మా."

కాజాలక్క కాగితం మీద వీలుకాదని ముద్ర పడింది. వదిన చేతికి కార్డు వచ్చింది. అడగని వాళ్లకు దక్కింది, అడిగిన మనిషికి దక్కలేదు.

లాడ్జికి వచ్చేదాకా కాజాలక్క వదిన కొంగు పట్టుకునే నడిచింది. దుప్పట్ల గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాక, కళ్లనుంచి నీళ్లు వాటంతటవే కారడం మొదలైంది. వదిన తువ్వాలు కోసం ఆమె సంచి తెరిచింది. తువ్వాలు పైనే ఉంది. దాని కింద ఉన్నవి చూసి వదిన చెయ్యి ఆగిపోయింది. చలికాలపు స్వెట్టరు. కత్తెర. సూదుల డబ్బీ. పింఛను కాగితాలు. అన్న ఫోటో, అదీ గోడ మీద ఫ్రేములోంచి ఊడదీసినది. తొమ్మిది రోజుల నడకకు ఎవరూ ఇవన్నీ మోసుకుపోరు.

"ఇదేంటి?" అంది వదిన.

కాజాలక్క తువ్వాలు కోసం చెయ్యి చాపింది.

"నిన్నే అడిగేది. కత్తెరెందుకు? చలికాలానికి ఇంకా ఆరు నెలలుంది. ఎవరికి ఈ స్వెట్టరు?"

కాజాలక్క తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఒక్కో మాటే బయటికొచ్చింది. కొండ మీద ఒక ఆశ్రమం ఉందట. కాళ్లతో నడిచి వచ్చినవాళ్లను, దిక్కులేనివాళ్లయితే, అక్కడే ఉండనిస్తారట. తిండి పెడతారు, పడక ఇస్తారు. కళ్లు లేనివాళ్లు కూడా ఉన్నారట అక్కడ. బండి మీద వస్తే తీసుకోరు, నడిచి రావాలి.

"నువ్వు దిక్కులేనిదానివా?" వదిన గొంతు లేచింది. "నేను చచ్చాననుకున్నావా?"

"అది కాదు వదినా. అమ్మాయి మాటలు విన్నాను నేను." అమ్మాయంటే వదిన కూతురు, కాజాలక్క మేనకోడలు. "నిన్ను వచ్చి తన దగ్గరే ఉండమంది. ఇంట్లో ఒక్క మనిషికే చోటుందని చెప్పింది. నువ్వు రానన్నావు. ఎందుకు రానన్నావో నాకు తెలీదా?"

"అది నా ఇష్టం."

"ఇష్టమే. నీ మోకాళ్లు ఇంకా నాలుగేళ్లు బాగుంటాయి. ఆ తర్వాత నన్నెవరు చూస్తారు, నిన్నెవరు చూస్తారు? నేను తప్పుకుంటే నువ్వైనా..."

"నాకు చెప్పకుండా? నన్నే తోడు తెచ్చుకుని, నా చెయ్యి పట్టుకునే అక్కడిదాకా వెళ్లి, అక్కడ నన్ను వెళ్లిపొమ్మందామనుకున్నావా?"

"అవును" అంది కాజాలక్క.

వదిన ఆ సంచి నేలకేసి కొట్టింది. సూదుల డబ్బీ మూత ఊడి సూదులన్నీ దుప్పట్ల మీద చెల్లాచెదురయ్యాయి. ఇద్దరూ ఏడుస్తూ, ఒకరు చూపుతో, ఇంకొకరు వేళ్లతో, వాటిని ఏరుకోవాల్సి వచ్చింది. గుచ్చుకుంటే పడుకునేది వాళ్లే మరి.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే వదిన మళ్లీ ఆ ఆఫీసుకు ఒక్కతే వెళ్లింది. ఎంత తిట్టినా ఆమె మనసులో ఒక పురుగు దొలుస్తూనే ఉంది. నడవలేనివాళ్లకు ఇంకేదైనా దారి ఉందేమో, ఎవరినైనా కాళ్లావేళ్లా పడి బతిమాలితే ఒప్పుకుంటారేమో అని. ముందురోజు అడ్రసు అడిగిన గుమాస్తానే అల్మారాకు తాళం వేస్తున్నాడు. ఆమె మాటంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఆశ్రమంలో కొత్తవాళ్లను తీసుకోవడం మానేసి మూడేళ్లయిందమ్మా. నడిచి వెళ్లినా తీసుకోరు. ఒక రాత్రి పడుకోనిచ్చి మర్నాడు దింపేస్తారు. జనానికి ఇంకా తెలీదు, వెళ్తూనే ఉన్నారు."

వదిన తిరిగొచ్చి ఈ సంగతి ఆడపడుచుకు చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. పొద్దున డాక్టరమ్మ వేసిన ముద్రే అడ్డమనీ, లేకపోతే అక్కడ ఒక మంచం తన కోసం ఉండేదనీ కాజాలక్క అనుకుంటోంది. అనుకోనీలే అని ఊరుకుంది.

శుక్రవారం తెల్లవారుతుండగా యాత్ర ఆ వీధిలోంచే సాగింది. వందల చెప్పుల చప్పుడు, కర్రల చప్పుడు, దగ్గులు, నవ్వులు. గదులావిడ కిటికీ దగ్గరికి రమ్మని పిలిచింది. కాజాలక్క వెళ్లలేదు. వదిన వెళ్లి, రెండు నిమిషాలు చూసి, వచ్చి, "నడవనీ. మనకు పన్నెండు పక్కలున్నాయి" అంది.

ఇక ఇంటికి పోదామనుకుని, ఇంటి యజమానికి ఫోను చేసింది వదిన. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఖాళీ చేస్తున్నామని మీ ఆడపడుచు చెప్పిందిగా? సామాను మీ అమ్మాయి తీసుకెళ్లింది. నిన్ననే కొత్తవాళ్లు దిగారు."

వదిన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కాజాలక్క వైపు చూసింది. ఆమె కుక్కిన పేనులా కూర్చుని ఉంది. కొండకు పోయే మనిషి వెనక ఏ ముడీ మిగల్చకుండా అన్నీ చక్కగా విప్పుకుని వచ్చింది. వదిన కూతురికి ఫోను చేసింది. "అత్త చెబితే సామాను తెచ్చేశాను. నువ్వు వచ్చెయ్యి అమ్మా. అత్తకి ఏదో ఒకటి చూద్దాం" అంది కూతురు.

"ఏదో ఒకటంటే?"

అవతల పిల్లల అల్లరి వినిపించింది. పిల్లదాన్ని తప్పుపట్టడానికీ లేదు. అత్తమామలు, ఇద్దరు పిల్లలు, రెండు గదులు. వదిన, "సరేలే, మేమిక్కడ బాగానే ఉన్నాం" అని పెట్టేసింది.

రెండు రోజుల కోసం దిగిన దుప్పట్ల గదిలో అలా ఉండిపోయారు. గదులావిడ నడుం ఇక లేవలేదు. ఆమె మానేస్తే ఆ పని వదినకు వచ్చింది. జీతంలో గది అద్దె పోను మిగిలింది తిండికి సరిపోతుంది. కాజాలక్క చిరుగులు కుట్టేది. వదిన పొద్దున్నే పది సూదులకు దారం ఎక్కించి అరలో ఒక గుడ్డకు గుచ్చి వెళ్తే, సాయంత్రానికి అవి అయిపోయేవి. కొన్నాళ్లు అలా జరిగింది. వానాకాలం వెళ్లేసరికి ఆ మరక చూపంతా కమ్మేసింది. చిరుగు ఎక్కడుందో వేళ్లకు తెలిసేది కానీ, కుట్టు ఎటు పోతోందో తెలియక గలీబు రెండు పొరలూ కలిపి కుట్టేసేది. మేనేజరు ఒకసారి నవ్వాడు, రెండోసారి నవ్వలేదు. అప్పటినుంచి మడతలు పెట్టడం మాత్రమే ఆమె పని.

ఈ మధ్య వదినకు మెట్లెక్కితే ఎడమ మోకాలు పట్టేస్తోంది. ఎవరికీ తెలియకుండా మొదటి అంతస్తులో ఆగి, ఎవరైనా వస్తే గోడ తుడుస్తున్నట్టు నటిస్తుంది. కాజాలక్కకు మాత్రం అడుగుల చప్పుడులోనే తెలిసిపోతుంది. లాడ్జి యజమాని కొడుకులు ఈ భవనాన్ని అమ్మేస్తున్నారట. వచ్చే యాత్ర సీజను అయ్యాక కూలగొడతారని మేనేజరు చెప్పాడు.

ఒక మధ్యాహ్నం, ఉతికి వచ్చిన మూట విప్పి, ఇద్దరూ చెరోవైపు నిలబడి దుప్పట్లు మడుస్తున్నారు. కాజాలక్క తల వదిన వైపు కాకుండా కొంచెం పక్కకు, తలుపు వైపు తిరిగి ఉంది.

"వదినా, నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్లిపో. మేనేజరుతో చెప్పి నన్ను ఏదో ఒక హోములో చేర్పించు. నేనేమీ అనుకోను."

"కొస జారింది. సరిగ్గా పట్టుకో" అంది వదిన.

కాజాలక్క తడుముకుని కొస పట్టుకుంది. ఇద్దరూ దుప్పటి బిగలాగి, నాలుగు మడతలు పెట్టి, అరలో ఉంచి, ఇంకొకటి తీశారు.